లాప్‌లు అనే జవాబు

మొన్న ఆదివారం మా అక్క కూతురు ఆన్‌లైన్ క్విజ్ చేస్తూ అడిగింది. "పిన్నీ, టండ్రాలో ఎస్కిమోలు కాకుండా ఇంకెవరుంటారు?"

"లాప్‌లు" అన్నాను టక్కున. చిన్నప్పుడు గైడులో బట్టీ పట్టిన జవాబు. రెయిన్‌డీర్లు మేపుతారు, చర్మం గుడారాల్లో ఉంటారు, ఒక మార్కు. నోట్లోంచి వచ్చేశాక నాలుక కరుచుకున్నాను.

ఎందుకంటే ఈమధ్యే 'సామీ బ్లడ్' చూశాను. అమాండా కెర్నెల్ 2016లో తీసిన సినిమా. 1930ల స్వీడన్. బడికి వచ్చిన పెద్దమనుషులు పిల్లల తలలు కొలుస్తారు, బట్టలు విప్పించి ఫోటోలు తీస్తారు. కథ కల్పితమే కానీ కొలతలు కావు. ఉప్సలాలో 1922లో ప్రభుత్వమే జాతి జీవశాస్త్ర సంస్థ పెట్టింది. ఆ సినిమాలో అమ్మాయిని ఊరి కుర్రాళ్లు పిలిచే పేరు కూడా అదే. నేను మార్కు తెచ్చుకున్న పేరు.

వాళ్లు తమని తాము సామి అనుకుంటారు. నార్వే, స్వీడన్, ఫిన్లాండ్ ఉత్తర భాగాల్లో, రష్యాలోని కోలా ద్వీపకల్పంలో ఉంటారు. లాప్ అన్నది ఇరుగుపొరుగు పెట్టిన పేరు. స్వీడిష్‌లో ఆ మాటకు గుడ్డ అతుకు అనే అర్థం కూడా ఉంది. పేరు అందులోంచే పుట్టిందా అన్నది పండితులు ఇంకా తేల్చలేదు. పిలిచినప్పుడల్లా వినేవాడికి అతుకులబట్ట గుర్తొస్తే, పుట్టుక ఏదైతేనేం?

అయితే తిట్టు అని తేల్చేసి ఊరుకోవడానికి లేదు. 1904లో ఎల్సా లౌలా అనే సామి స్త్రీ తన వాళ్ల భూమి కష్టాల మీద ఒక చిన్న పుస్తకం అచ్చేసింది. దాని పేరులోనూ లాప్ అనే ఉంది! సర్కారుకి అర్జీ పెట్టుకోవాలంటే సర్కారు రికార్డుల్లో ఉన్న పేరుతోనే పెట్టుకోవాలి మరి. అదే ఎల్సా 1917 ఫిబ్రవరి 6న ట్రోన్‌హైమ్‌లో సామీలందరినీ ఒకచోట కూర్చోబెట్టింది. ఇప్పుడు ఆ తేదీ వాళ్ల జాతీయ దినం.

నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది తిట్టు కాదు, ప్రేమగా వాడినప్పటి వాడకం. అప్పట్లో స్వీడన్‌లో "లాప్ లాప్‌గానే ఉండాలి" అనే విధానం ఉండేది. రెయిన్‌డీర్లు కాచే వాళ్ల పిల్లలకి 1913 నుంచి వేరే బడులు. గట్టి ఇళ్లలో, మంచి చదువులతో పెరిగితే పాడైపోతారట, పాపం. 1928 చట్టం మేత హక్కును లాప్‌ల హక్కు అంటూనే, మందలు కాచే వాళ్లకే కట్టబెట్టింది. చేపలు పట్టుకుని బతికే సామికి ఆ హక్కు అందలేదు. 1971 చట్టంలో పేరు మార్చి సామి అని రాశారు. గీత మాత్రం దాదాపు అక్కడే ఉంది.

పేరు పోయిందా అంటే, అదీ లేదు. వేట, చేపల హక్కుల మీద గిర్యాస్ అనే సామి గ్రామం ప్రభుత్వంతో కోర్టులో పోరాడుతుంటే, ఈ శతాబ్దంలోనే, ప్రభుత్వం తరఫు లాయర్లు లాప్ అనే మాట వాడి విమర్శల పాలయ్యారు. 2020 జనవరిలో సుప్రీంకోర్టులో గ్రామమే గెలిచింది.

ఇదంతా పదకొండేళ్ల పిల్లకి ఎలా చెప్పాలి? చెప్పగలిగినంత చెప్పాను. "వాళ్ల పేరు సామి రా. నీకు నచ్చని పేరుతో నిన్ను రోజూ పిలిస్తే ఎలా ఉంటుంది?"

"సామి అంటే దేవుడు కదా" అని నవ్వింది. తర్వాత ఫోన్ నా వైపు తిప్పింది. నాలుగు ఆప్షన్లు. "సామి లేదు పిన్నీ. ఏం నొక్కను?"

టైమర్లో ఎనిమిది సెకన్లు మిగిలున్నాయి. నేనేం మాట్లాడలేదు. అది లాప్‌లు నొక్కింది. పచ్చ టిక్కు పడింది.