అలల ఊరు... అవకాశాల ఊరు!

విశాఖపట్నం నుంచి వచ్చి హైదరాబాదులో ఉంటున్న నాలాంటి వాళ్ళకి రెండు ప్రశ్నలు తప్పవు. హైదరాబాదులో కొత్తగా పరిచయమైన ప్రతి ఒక్కరూ, "అబ్బ! వైజాగా? అంత అందమైన ఊరు వదిలేసి ఈ ట్రాఫిక్కులో ఎందుకు పడ్డారండీ బాబూ?" అంటారు. సెలవులకి వైజాగ్ వెళితే మా వీధి చివరి కిళ్ళీకొట్టు ఆయన, "ఏటి బాబూ, మళ్ళీ వచ్చేసేవా? ఇక్కడేటుంది? ఆ హైదరాబాదులోనే ఉండిపో" అంటాడు. ఇద్దరూ ప్రేమతోనే అంటారు. ఇద్దరి మాటా సగం నిజం. మిగిలిన సగం గురించే ఈ నాలుగు మాటలూ!

నేను డిగ్రీ పూర్తిచేసి 2012లో హైదరాబాదు రైలెక్కాను. అప్పట్నుంచీ సినిమా పత్రికలకి రాసుకుంటూ, ఏ ఆఫీసులోనూ కుర్చీ లేని విలేకరిగా బతుకుతున్నాను. అమ్మ విశాఖలో, మద్దిలపాలెం దగ్గర మా సొంత ఇంట్లో ఒంటరిగా ఉంటోంది. నాన్నగారు లేరు. "అమ్మని నీ దగ్గరికి తెచ్చుకో" అని కొందరు, "నువ్వే వెళ్ళిపోరాదూ" అని కొందరు... సలహాలకేం కొదవ! అందుచేత ఏ ఊళ్ళో బతుకు బాగుంటుందనేది నాకు కాలక్షేపం కబురు కాదు, తేల్చుకోవలసిన లెక్క.

వెండితెర మీద విశాఖ

విశాఖ అనగానే సినిమా అభిమానికి గుర్తొచ్చేదేమిటి? 1978లో వచ్చిన 'మరో చరిత్ర'. బాలచందర్ గారి దర్శకత్వంలో కమల్‌హాసన్, సరిత ఈ తీరాన ప్రేమించుకున్నారు. మద్రాసులో ఆ తెలుగు సినిమా తెలుగులోనే అయిదొందల రోజులకు పైగా ఆడిందంటే, అందులో మా సముద్రానికీ కాస్త వాటా ఉందని మావాళ్ళ నమ్మకం. ఆ తర్వాత జంధ్యాల గారు వచ్చి ఈ ఊరిని తన సొంత స్టూడియోలా వాడుకున్నారు. భీమిలి రోడ్డు, కైలాసగిరి, యారాడ కొండ, ఆ పైన అరకు... కెమెరా ఎటు తిప్పితే అటు ఒక ఫ్రేము. సెట్టు వేసే ఖర్చు లేదు!

కానీ ఒక చిన్న రహస్యం చెప్పనా? యూనిట్టు వచ్చేది పది రోజులకి. పాట అయిపోగానే జనరేటరు వానుతో సహా వెళ్ళిపోతుంది. తెర మీద సముద్రం చూసినవాళ్ళకి, ఆ సముద్రపు గాలికి మా గేటు ఏడాదిలో తుప్పు పడుతుందని తెలియదు. మే నెలలో ఉతికి ఆరేసిన చొక్కా వేసుకుంటే పది నిమిషాల్లో మళ్ళీ ఉతుక్కోవాలని తెలియదు. ఆ చెమట, ఆ ఉక్క... హీరోయిన్‌కి మేకప్ సరిచేసేవాళ్ళనడిగితే చెబుతారు!

ఈ విషయంలో హైదరాబాదుకి మార్కులు వెయ్యాల్సిందే. దక్కను పీఠభూమి మీద, సముద్రమట్టానికి అయిదొందల మీటర్లకి పైనే ఉన్న ఊరు. ఏప్రిల్, మే నెలల్లో పగలు నెత్తి మాడిపోతుంది, నిజమే. కానీ పొడి ఎండ. డిసెంబరు తెల్లవారుజామున చేతిలో ఇరానీ చాయ్, పక్కన ఉస్మానియా బిస్కట్టు ఉంటే ఆ చలి కూడా ఒక భోగమే. అంత చలి మా విశాఖవాళ్ళకి కావాలంటే అరకు బండెక్కాలి.

మరి తిండి? విశాఖలో హార్బరు నుంచి వచ్చిన వంజరం, చందువ మధ్యాహ్నానికి పులుసై కూర్చుంటుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవల వేట నిషేధం. ఆ రెండు నెలలూ మావాళ్ళ మొహాలు చూడాలి! హైదరాబాదులో సముద్రపు చేప ఐసు మీద పడుకుని వస్తుంది. అయితే రంజాను నెలలో హలీం తిన్నవాడు చేపల కోసం మరీ ఏడవడు. కాబట్టి ఎండా, తిండీ విషయంలో రెండూళ్ళకీ సరికి సరి.

కృష్ణానగర్ కథ

అసలు తేడా పని దగ్గర వస్తుంది. చిత్రసీమ మద్రాసు నుంచి హైదరాబాదుకి ఒక్క రోజులో కదిలిపోలేదు. అమీర్‌పేటలో సారథీ స్టూడియో 1950ల నాటిదే. 1970లలో అక్కినేని అన్నపూర్ణ స్టూడియో, ఎన్టీఆర్ నాచారంలో రామకృష్ణా స్టూడియో కట్టారు. 1996లో రామోజీ ఫిల్మ్ సిటీ వచ్చింది. స్టూడియో వెనకే ల్యాబులు, డబ్బింగు థియేటర్లు, ఎడిటింగు గదులు, ఆఫీసులు... ఇరవై నాలుగు క్రాఫ్టులూ ఇక్కడ పాతుకుపోయాయి. మా విశాఖలో సముద్రాన్ని చూస్తూ రామానాయుడు స్టూడియో ఉంది. కానీ ఒక్క స్టూడియోతో పరిశ్రమ అయిపోదు కదా! పొద్దున్న కథ చెప్పి, మధ్యాహ్నం డబ్బింగు చెప్పి, సాయంత్రం ప్రెస్‌మీటు చూసుకునే వీలు ఫిలింనగర్, కృష్ణానగర్ చుట్టుపక్కలే ఉంది.

మా కాలేజీ నాటకాల్లో హీరో ఒకడుండేవాడు. సాయంత్రం ఆర్.కె. బీచికి వెళ్ళి అలలకి ఎదురు నిలబడి డైలాగులు చెప్పేవాడు. ఆ హోరు మీద గొంతు వినబడితే ఏ హాల్లోనైనా వినబడుతుందని వాడి లెక్క. నా వెనకే కృష్ణానగర్ వచ్చాడు. నలుగురు కలిసి ఒక గది. ఉదయం ఆరింటికి ఫొటోల కవరు చంకలో పెట్టుకుని బయల్దేరేవాడు. హీరో అయ్యాడా? కాలేదు. తిరిగి వెళ్ళిపోయాడా? అదీ లేదు! అలలతో పోటీపడిన ఆ గొంతే వాడికి అన్నం పెట్టింది. ఇవాళ డబ్బింగులో నిలదొక్కుకున్నాడు. తెర మీద వాడి మొహం మీరెప్పుడూ చూడలేదు, గొంతు మాత్రం వినే ఉంటారు.

"ఇక్కడ నీకేం దొరికిందిరా?" అని ఒకసారి అడిగాను.

"వైజాగ్‌లో నేను డబ్బింగు చెబుతానంటే, సరేగానీ ఉద్యోగం ఏటి చేస్తావు అని అడుగుతార్రా. ఇక్కడ ఎంతిస్తారు అని అడుగుతారు. అదీ తేడా" అన్నాడు.

నవ్వాను గానీ, ఆ మాట నన్ను వదల్లేదు. మనం చేసే పనిని పనిగా గుర్తించే మనుషులుండటం కూడా సుఖమే. నేనూ మా బంధువుల పెళ్ళిళ్ళలో "ఇంకా ఆ సినిమా రాతలేనా?" అన్న పలకరింపు తిన్నవాణ్ణే. యూసఫ్‌గూడలో మా ఇంటి ఓనరు ఒక్కసారి కూడా అలా అడగలేదు. ఒకటో తారీకున అద్దె ముడితే చాలు, "మంచిగుండ్రి సార్" అంటాడు.

అయితే ఈ సుఖానికి బిల్లు ఉంది. ఆ బిల్లు సాయంత్రాల రూపంలో కట్టాలి! ఆరింటికి ప్రెస్‌మీటంటే నాలుగున్నరకే కదలాలి. ఎనిమిదింటికి అయిపోతే ఇల్లు చేరేసరికి పది. 2017లో మెట్రో మొదలయ్యాక కొంత ఊపిరి పీల్చుకున్నాం గానీ, మెట్రో దిగిన తర్వాత ఆటో తప్పదు కదా. విశాఖలో ఏడింటికి పని ముగిస్తే ఏడున్నరకి బీచిలో మురీమిక్స్చరు పొట్లం చేతిలో ఉంటుంది. సముద్రం చూడ్డానికి టిక్కెట్టు లేదు. కోటీశ్వరుడికీ, రిక్షా తొక్కినవాడికీ అక్కడ ఒకటే క్లాసు. జగదాంబ హాల్లో ఫస్ట్ షో చూసి బయటికొచ్చినా గాలి పీల్చుకుంటూ ఇంటికెళ్ళొచ్చు. హైదరాబాదులో నేను ఆర్టీసీ క్రాస్‌రోడ్సులో సెకండ్ షో చూస్తే ఇంటికి చేరేది మర్నాడే!

ఆ మూడు రోజులు

ఏ ఊరికా ఊరి భయాలున్నాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖని ఢీకొంది. నేను హైదరాబాదులో ఉన్నాను. టీవీలో బీచి రోడ్డు చూపిస్తున్నారు. విరిగిపడిన చెట్లు, లేచిపోయిన కప్పులు. అమ్మకి ఫోను కలవదు. పక్కింటికి కలవదు. మూడు రోజులు! నాలుగో రోజు ఎవరి ఫోను నుంచో అమ్మ గొంతు. "మన ఇంటికేటీ కాలేదురా. మామిడిచెట్టు పడిపోయింది. నువ్వు బోంచేశావేటి?" అంది. కరెంటు లేదు, కుళాయి నీళ్ళు లేవు, నన్నడిగింది మాత్రం అన్నం గురించి!

ఆ నవంబరు 30న చిత్రసీమ అంతా హైదరాబాదులో 'మేము సైతం' అని కార్యక్రమం చేసి తుఫాను బాధితుల కోసం విరాళాలు సేకరించింది. మా ఊరి అందాన్ని ఇన్నేళ్ళు తెరకెక్కించినవాళ్ళు, ఊరు దెబ్బతిన్నప్పుడు ముందుకు రావడం విశాఖవాసిగా నాకు ఎంతో తృప్తినిచ్చింది.

2020 మే 7న తెల్లవారుజామున విశాఖ శివార్లలో విషవాయువు లీకై నిద్రలోనే మనుషుల్ని బలి తీసుకుంది. ఫ్యాక్టరీల పక్కన బతికే ఊరికి అదో భయం. సముద్రం లేదు కదా అని హైదరాబాదుని నమ్మేద్దామా? 1908 సెప్టెంబరులో మూసీ పొంగి వేలమందిని పొట్టన పెట్టుకుంది. 2020 అక్టోబరులో ఒక్క రాత్రి వానకి కాలనీలు కాలనీలే చెరువులయ్యాయి. నిజానికి అవి చెరువుల్లో కట్టిన కాలనీలే అని పెద్దలంటారు. కాబట్టి భయం లేని ఊరంటూ లేదు. భయం వేసినప్పుడు పక్కన ఎవరున్నారన్నదే చూసుకోవాలి.

అమ్మ వేసిన లెక్క

2019 వేసవిలో అమ్మని రెండు నెలలు నా దగ్గర ఉంచుకున్నాను. మూడో అంతస్తు. టీవీ, ఫ్రిజ్, చల్లటి కూలరు... ఏ లోటూ లేదనుకున్నాను. వారం తిరక్కుండానే మొహం వాడిపోయింది. "సముద్రం గుర్తొస్తోందా అమ్మా?" అన్నాను, సినిమా ఫక్కీలో.

"సముద్రానికేటిరా, అదెక్కడికి పోతాది? నేను బీచికెళ్ళి ఎన్నేళ్ళయిందో! పొద్దున్నుంచీ మన తలుపు ఎవరూ కొట్టలేదురా" అంది.

నిజమే! మద్దిలపాలెంలో పాలబ్బాయి, పూలావిడ, చేపలమ్మి, పక్కింటి పిన్నిగారు, ఎదురింటి రిటైర్డు మాస్టారు... పొద్దున్నించి మాపటిదాకా తలుపు మోగుతూనే ఉంటుంది. ఒక్కొక్కరితో రెండు మాటలు. అమ్మ బతుకు ఆ రెండేసి మాటల మీద నడుస్తోంది.

ఆ మధ్య బాత్‌రూములో జారి అమ్మ మణికట్టు విరిగింది. నాకు కబురు తెలిసేసరికే మాస్టారు ఆటో పిలిచారు, పిన్నిగారు ఆస్పత్రికి తీసుకెళ్ళి కట్టు వేయించారు. నేను సాయంత్రం గోదావరి ఎక్కి తెల్లారి దిగేసరికి అమ్మ కుర్చీలో కూర్చుని వాళ్ళావిడకి పులుసు ఎలా కాచాలో చెబుతోంది! ఇదే హైదరాబాదులో, నేనెక్కడో షూటింగు స్పాట్‌లో ఉండగా జరిగితే?

హైదరాబాదుకి అన్యాయం చెయ్యకూడదు. మా కింది వాటాలో కరీంనగర్ ఆవిడ ఒకరున్నారు. నాకు జ్వరం వస్తే మూడు రోజులు జావ పంపారు. ఇప్పటికీ మెట్ల మీద కనబడితే, "తిన్నవా తమ్మీ?" అంటారు. బతుకమ్మ పండక్కి సత్తుపిండి నా వాటా నాకు వస్తుంది. యాస వేరు గానీ, అడిగేది అమ్మ అడిగిన ప్రశ్నే కదా! కాకపోతే అలాంటి తలుపు ఒక్కటి తెరుచుకోడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది. అమ్మకి అక్కడ ఇరవై తలుపులున్నాయి. డెబ్భైకి దగ్గరపడిన మనిషిని ఆ ఇరవై తలుపుల నుంచి ఊడదీసి మూడో అంతస్తులో పెట్టే హక్కు నాకెక్కడిది?

అందుకని ఒక నిర్ణయానికొచ్చాను. అమ్మ అక్కడే ఉంటుంది. నేను నెలలో మూడు వారాలు హైదరాబాదులో, ఒక వారం విశాఖలో. 2023 జనవరిలో వందే భారత్ మొదలయ్యాక ఎనిమిదిన్నర గంటల ప్రయాణం. చార్జీకి జేబు ఒప్పుకోనప్పుడు పాత నేస్తం గోదావరి ఉండనే ఉంది. వ్యాసం ఎక్కడ కూర్చుని రాసినా పంపొచ్చు గానీ, ఇంటర్వ్యూ ఎదురుగా కూర్చుని చెయ్యాల్సిందే. ఆ వారం రోజుల్లో తప్పిపోయే పనులు కలుపుకుంటే నా సంపాదనలో నాలుగోవంతు పోతోంది. తెలిసే వదులుకుంటున్నాను. దానికి బదులుగా నెలకి ఏడు సాయంత్రాలు, అమ్మ చేతి చందువ పులుసు వస్తున్నాయి.

చిత్రసీమకి రావాలని కలలు కంటున్న తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! కాకినాడ నుంచి, భీమిలి నుంచి, బందరు నుంచి మీలో కొందరు రేపో మాపో రైలెక్కుతారు. వద్దనడానికి నేనెవర్ని? నేనూ అలా వచ్చినవాణ్ణే. బయల్దేరే ముందు మాత్రం ఒక కాగితం తీసుకుని రెండు గీతలు గియ్యండి. ఒకవైపు కృష్ణానగర్‌లో దొరికేది రాయండి. రెండోవైపు, మీ ఇంటి తలుపు రోజూ ఎంతమంది కొడుతున్నారో వాళ్ళ పేర్లు రాయండి. అప్పుడు కూడా రావాలనిపిస్తే, నిక్షేపంగా రండి. ఇంట్లో పెద్దవాళ్ళ కోసం నెలకోసారి తిరుగు టిక్కెట్టుకయ్యే డబ్బు మాత్రం అద్దె డబ్బుతో పాటే పక్కన పెట్టుకోండి.