ప్లాటినాన్ని పొదుపుగా వాడే చోట

చెన్నై తరమణిలోని ఐఐటీ మద్రాస్ రీసెర్చ్ పార్కులో మన హైదరాబాదు సంస్థకు చెందిన కేంద్రం ఒకటుంది. బాలాపూర్ దగ్గరి ఏఆర్‌సీఐ వాళ్ళ ఫ్యూయల్ సెల్ కేంద్రం అది. ఫ్యూయల్ సెల్‌తో నడిచే హైడ్రోజన్ కారు ధర ఎందుకు దిగిరావడం లేదో కళ్ళారా చూసి తెలుసుకుందామని వెళ్ళాను. చూపించిన ఇంజనీరు తెలుగాయనే కావడంతో సందేహాలన్నీ మొహమాటం లేకుండా అడిగేశాను.

ముందుగా నా అరచేతిలో ఒక పల్చటి పొర ముక్క పెట్టారు. "ఏమీ చేయకండి, చూస్తూ ఉండండి" అన్నారు. చేతి చెమ్మకు అది క్షణాల్లో అంచులు లేచి చుట్టుకుపోయింది. ఇలా తడి పీల్చుకునే గుణమే దీని పనికి ఆధారం. హైడ్రోజన్‌లోని ప్రోటాన్లను మాత్రమే అవతలికి పోనిస్తుంది. ఎలక్ట్రాన్లు బయట తీగ గుండా చుట్టు తిరిగి పోవాల్సిందే. అదే మనకు కరెంటు.

ఈ పొరకు రెండువైపులా నల్లటి పూత వేస్తారు. కార్బన్ పొడికి అంటిన ప్లాటినం రేణువులవి, కొన్ని నానోమీటర్లకు మించవు. పొడిని సిరాలా కలిపేటప్పుడు ముందు నీళ్ళతోనే తడపాలట. ఎండుపొడి మీద ఆల్కహాల్ పోస్తే అగ్గిపుల్ల లేకుండానే అంటుకోగలదు. ఇంత చురుకైన లోహానికి బదులు వెతకడం కష్టమే. వాడకాన్ని మాత్రం బాగానే తగ్గించారు. 1980ల చివర్లో అమెరికాలోని లాస్ అలమోస్ ప్రయోగశాల వాళ్ళు చదరపు సెంటీమీటరుకు 4 మిల్లీగ్రాములు పట్టే ప్లాటినాన్ని 0.4కు దించారు. పొరను ఏ పదార్థంతో చేస్తారో దాన్నే ద్రవంగా మార్చి రేణువుల మధ్యకు ఇంకించారు. ప్రోటాను చేరలేని చోట ప్లాటినం ఉన్నా లేనట్టే కదా! అప్పటిదాకా చాలాభాగం అలా ఊరికే పడి ఉండేది.

బయట అందరూ ప్లాటినం గురించే మాట్లాడతారు గానీ, నన్ను పట్టి నిలిపింది పలకలు. పని చేస్తున్నప్పుడు ఒక్కో సెల్ ఇచ్చేది 0.6, 0.7 వోల్టులే. అందుకే వందల సెల్స్ దొంతరగా పేర్చాలి, ఆ దొంతరనే స్టాక్ అంటారు. టయోటా 2020లో తెచ్చిన రెండో తరం మిరాయ్ కారులో 330 ఉన్నాయి. సెల్‌కీ సెల్‌కీ మధ్య ఒక పలక, దానిమీద గాలి, హైడ్రోజన్ పారే సన్నటి కాలువలు. గ్రాఫైట్ దిమ్మ తెచ్చి ఆ కాలువలు మరమీద చెక్కిస్తూ కూర్చుంటే మర ఖర్చే మోయలేం. టయోటా టైటానియం రేకులు వాడింది. ఇక్కడివాళ్ళది ఇంకో దారి. ఆమ్లం పట్టించిన గ్రాఫైట్‌ను ఒక్కసారిగా వేడిచేస్తే పేలాల్లా పొంగుతుంది. దాన్ని అచ్చులో వేసి నొక్కితే కాలువలతో సహా పలక తయారు. చేతిలోకి తీసుకుంటే తేలిగ్గా ఉంది, వేళ్ళకు కాస్త నలుపు అంటింది.

"ఇంతకీ స్టాక్ ఎంత పడుతుందండీ?" అని అడిగాను.

"మీకెన్ని కావాలి?" అని నవ్వారు.

ఆయన దాటవేయలేదు, లెక్క నిజంగా అలాగే ఉంది. పది చేస్తే ఒక్కోదాన్నీ చేత్తో పేర్చాలి, బోల్టులన్నీ సమానంగా బిగించాలి, గ్యాసు ఎక్కడన్నా కారుతోందేమో చూడాలి. లక్షల్లో చేస్తే పలకలూ పొరలూ చవకవుతాయి. ప్లాటినం దగ్గర మాత్రం ఈ సూత్రం తిరగబడుతుంది, గిరాకీ పెరిగేకొద్దీ దాని రేటూ పైకి పోవచ్చు. పైగా ప్రపంచంలో వచ్చేదాంట్లో ఎక్కువ భాగం దక్షిణాఫ్రికా గనులదే. మరి లక్షల కార్లు ముందు కొనేదెవరు? 2022లో మిరాయ్ మన రోడ్ల మీద పరీక్షకైతే వచ్చింది గానీ, నింపుకోవడానికి బంకులేవి? రోజూ తిరిగొచ్చి ఒకేచోట ఇంధనం నింపుకునే బస్సులతోనే ఈ బేరం మొదలవుతుందని నాకనిపిస్తుంది.

చివరగా టెస్ట్ బెంచీల దగ్గరికి తీసుకెళ్ళారు. ప్లాటినాన్ని ఇంకా పల్చన చేయవచ్చు, ఆయుష్షే సమస్య. అమెరికా ఇంధన శాఖ కార్లకు పెట్టిన లక్ష్యాల్లో 5,000 గంటలు ఒకటి. కారు ఆపి మళ్ళీ స్టార్ట్ చేసినప్పుడల్లా కార్బన్ కొంత తరిగిపోతుంది, చిన్న రేణువులు కలిసిపోయి పెద్దవవుతాయి, ఉన్న కాస్త ప్లాటినం పనీ మందగిస్తుంది. పూత పల్చనైనకొద్దీ ఆ నష్టాన్ని ఓర్చుకునే మిగులు ఉండదు. అందుకే కొత్త పూత ఏది వేసినా ముందు వేలసార్లు ఆపి, నడిపి చూస్తారు. ధర తగ్గిందో లేదో తేలేది ఆ తర్వాతే.