వెండి సాక్ష్యం

ఇంటి గ్యారేజీలో కేంద్రక సంలీనం సాధించేవారున్నారంటే నమ్మబుద్ధి కాదు. కానీ ఉన్నారు. టెలివిజన్ ఆవిష్కర్తల్లో ఒకడైన ఫైలో ఫార్న్స్‌వర్త్ 1960లలో రూపొందించిన ఫ్యూజర్‌ను అమెరికాలో బడిపిల్లలు సైతం కట్టారు. గాలి తోడేసిన పాత్ర, దాని నడుమ తీగల గోళం, ఆ గోళానికి ఇరవై ముప్ఫై వేల వోల్టులు, లోపల రవ్వంత డ్యుటీరియం వాయువు. ఊదారంగు కాంతి చూడముచ్చటగా వెలుగుతుంది. అయితే ఆ వెలుగు దేనికీ ఋజువు కాదు. వెలగడానికైతే నియాన్ దీపమూ వెలుగుతుంది.

ఋజువు న్యూట్రానే. రెండు డ్యుటీరియం కేంద్రకాలు కలిసినప్పుడు దాదాపు సగం సందర్భాల్లో 2.45 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల న్యూట్రాను వెలువడుతుంది. విద్యుదావేశం లేని ఆ కణాన్ని తక్కువ ఖర్చుతో పట్టుకోవడం ఎలాగన్నదే చిక్కంతా.

హీలియం-3 నింపిన గొట్టం ఉత్తమం. కానీ ఆ వాయువు ప్రధానంగా అణ్వాయుధాల కోసం తయారైన ట్రిటియం క్షీణించగా వచ్చేది. 2001 సెప్టెంబరు దాడుల తరువాత అమెరికా తన రేవుల్లో, సరిహద్దుల్లో ఈ గొట్టాలను విరివిగా అమర్చింది. 2009 నాటికి వాయువుకు కొరత వచ్చి ధర ఆకాశాన్నంటింది. ఔత్సాహికులు సోవియట్ కాలపు బోరాన్ పూత గొట్టాల కోసం పాతసామాను అంగళ్లు వెతుక్కున్నారు. వాటిని మైనంలోనో పాలిథిన్ దిమ్మలోనో పొదగాలి, వేగం తగ్గిన న్యూట్రాన్లే వాటికి బాగా చిక్కుతాయి గనుక.

గొట్టం దొరికినా బెడద తీరదు. అధిక వోల్టేజీ చిటపటలు తీగలోకి దూరి లెక్కింపు యంత్రాన్ని బురిడీ కొట్టిస్తాయి. పెద్దలకే తప్పలేదు. 1989 ఏప్రిల్‌లో, శీతల సంలీనపు హడావుడిలో, జార్జియా టెక్ శాస్త్రజ్ఞులు న్యూట్రాన్లు కనిపించాయని ప్రకటించి, శోధకం వేడికి స్పందించిందని తెలిసి మూడు రోజుల్లోనే వెనక్కి తీసుకున్నారు.

అందుకే నా ఓటు వెండికి. 1934 అక్టోబరులో రోములో ఫెర్మీ బృందం చేసింది ఇదే: మైనం అడ్డుపెట్టగానే వెండిలో రేడియోధార్మికత అనేక రెట్లు పెరిగింది. అది చల్లారేలోపు కొలవాలని వాళ్లు నడవాలో పరుగులు తీసేవారట. పలుచని వెండిరేకును (మిఠాయిల మీది రేకు మరీ పలచన, పనికిరాదు) మైనం మధ్య ఉంచి ఫ్యూజర్‌ను కొన్ని నిమిషాలు నడపాలి. ఆపేశాక రేకును గైగర్ గొట్టానికి ఆనించి లెక్క చూడాలి. యంత్రం ఆగింది కాబట్టి చిటపటలూ లేవు, ఎక్స్‌రేలూ లేవు. వెండిలోని రెండు ఐసోటోపులు మారిన రూపాల అర్ధాయువులు సుమారు 24 సెకన్లు, 2.4 నిమిషాలు. లెక్క ఆ రెండు లయల్లోనే తగ్గితే దాన్ని ఏ విద్యుత్ చిటపటా అనుకరించలేదు.

లోపాలున్నాయి. న్యూట్రాన్లు బొత్తిగా తక్కువైతే వెండి పలకదు. యంత్రం నడుస్తుండగా పక్కన నిల్చున్న మనిషికి ఎంత మోతాదు తగులుతోందో చెప్పదు. దానికి బుడగల డోసిమీటరు కావాలి. అది ఖరీదైనది, పైగా కొంతకాలానికి పనికిరాకుండా పోతుంది. ఇక అధిక వోల్టేజీ న్యూట్రాన్ల కన్నా ముందే ప్రాణం తీయగలదు, అద్దపు కిటికీలోంచి ఎక్స్‌రేలు బయటికొస్తాయి. ఈ రెంటి విషయంలో పొదుపు పనికిరాదు.

వెండి పలికాక మరో పని మిగులుతుంది. అదే రేకును, అదే వోల్టేజీ వద్ద, డ్యుటీరియానికి బదులు మామూలు హైడ్రోజన్‌తో మళ్లీ పెట్టి చూడాలి. ఈసారి లెక్క పెరగకూడదు.