పుదుప్పేటలో మా హెరాల్డు

నెల్లూరు వాళ్ళకు చెన్నపట్నం వెళ్ళడానికి ఎప్పుడూ ఏదో ఒక సాకు దొరుకుతుంది. పెళ్ళి బట్టలు, కంటి డాక్టరు, ఏదీ లేకపోతే ఊరికే. ఈమారు నా సాకు మా నాయన కారు. 1965 నాటి స్టాండర్డు హెరాల్డు. పైకి నిగనిగలాడుతూనే ఉంటుంది గాని, బానెట్టు ఎత్తితే చూసినవాళ్ళు ముక్కు మూసుకునే స్థితికి వచ్చింది. అరవై ఏళ్ళ నూనె, దుమ్ము కలిసి ఇంజను చుట్టూ తారులాగా పేరుకుపోయాయి. వైరు ఏదో, గొట్టం ఏదో తెలియదు.

మేడ మీద వాన నీళ్ళు దిగకుండా సిమెంటు పూతకని దాచిన డబ్బులోంచి తీస్తానంటే, మా ఆవిడ ఒక్కటే అడిగింది: "మూత వేస్తే కనబడని చోటికి అంత ఖర్చెందుకండీ?" నా దగ్గర జవాబు లేదు. మర్నాడు తెల్లవారుజామున 175 కిలోమీటర్ల దారి పట్టాను.

ఒక రకంగా అది పుట్టింటి ప్రయాణమే. ఈ కార్లను 1961 నుంచి మద్రాసు పక్కనే, పెరుంగళత్తూరులో తయారుచేశారు. ఆ కర్మాగారం 1980ల చివర మూతబడింది. ఇక పాత బళ్ళకు దిక్కు పుదుప్పేటే. ఎగ్మూరు స్టేషనుకు దగ్గరే, కూవం ఒడ్డున ఉంటుంది. ఆ వీధుల్లో గోడలకు కారు తలుపులు వేలాడుతుంటాయి. అరుగుల మీద గేరుపెట్టెలు, సందుల్లో సైలెన్సర్ల గుట్టలు. కూవం వాసన, మాడిన నూనె వాసన, పక్కన టీకొట్టు వాసన కలిసి వస్తాయి. మొదటిరోజు భరించలేం, మూడోరోజుకు టీ వాసన ఒక్కటే తెలుస్తుంది.

మేస్త్రిగారి తాతలది చిత్తూరు వైపట, తెలుగు బాగానే మాట్లాడతాడు. బానెట్టు ఎత్తగానే ఆయన ముఖం విప్పారింది. హెరాల్డు సొగసంతా అక్కడే ఉంది గదా! మడ్‌గార్డులతో సహా ముందుభాగం మొత్తం ముందుకు వాలిపోతుంది. పనివాడు టైరు మీద కూర్చుని, వంటింట్లో కూర తరిగినట్టు తీరిగ్గా పనిచేసుకోవచ్చు.

"నాలుగు రోజులు సార్, పన్నెండు వేలు," అన్నాడు.

పట్టింది పదకొండు రోజులు. ముందు బ్యాటరీ ఊడదీశారు. కార్బ్యురేటరు నోటికీ డిస్ట్రిబ్యూటరుకూ ప్లాస్టిక్ సంచులు కట్టారు. వాటిలోకి నీరు పోతే బండి కదలదు. ఊడదీసిన ప్రతి వైరుకూ అంకె రాసిన గుడ్డపీలిక ముడివేశారు. రేడియేటరు, డైనమో, గాలిజల్లెడ బయటికొచ్చాయి. తరవాత డీజిలు, కుంచె, వెదురుపుల్ల. నీళ్ళు జోరుగా కొట్టే మిషను ఉండగా ఇదేమిటని అడిగితే, "ఆ జోరుకు మట్టి పోతుంది, మీ పాత వైర్లూ పోతాయి," అన్నాడు. కుర్రవాడొకడు అయిదు రోజులు గోకుతూనే ఉన్నాడు. సాయంత్రమయ్యేసరికి వాడి గోళ్ళు నేరేడుపళ్ళలా ఉండేవి. నూనె చుక్క మిగిలినా దానిమీద రంగు నిలవదట. అంటే రంగు పని అని మనం అనుకునేదాంట్లో ముప్పాతిక వంతు గోకుడే నన్నమాట. బోల్టులు అంగుళాల కొలతవి, విరిగితే ఇప్పటి బళ్ళవి పట్టవు. అందుకే వాటిని విప్పి, తోమి, జింకు పూత వేయించారు.

రెండో రోజే నేను ఊరికి వచ్చేశాను. ఏడో రోజు రాత్రి మేస్త్రి ఫోను చేసి, పొద్దున్నే రంగు మొదలని చెప్పాడు. పడుకున్నాక గుండె ఝల్లుమంది. ఇంజనుకూ మన కాళ్ళకూ మధ్య ఉండే రేకుగోడ మీద, ఎర్రరంగుతో, మా నాయన చేతిరాత ఉంది: "నీళ్ళు చూడు." 1974 వేసవిలో తడ దగ్గర రేడియేటరు ఎండిపోయి, మమ్మల్నందరినీ ఎండలో నిలబెట్టినందుకు ఆయన తనకు తాను రాసుకున్న హెచ్చరిక అది. ఆయన చేతిరాత మా ఇంట్లో మరెక్కడా లేదు. ఫోను చేస్తే మేస్త్రి ఎత్తలేదు. తెల్లవారకముందే రైలెక్కాను.

వెళ్ళేసరికి రేకుగోడకు లేతనీలం రంగు పడిపోయింది. నా నోట మాట రాలేదు. రంగులాయన తమిళుడు, తెలుగు అక్షరం తెలియదు. నన్ను చూసి, నవ్వుతూ, మూలగా అంటించిన కాగితపు పట్టీ మెల్లగా ఊడదీశాడు. కింద జానెడు పాతరంగు, దానిమీద ఎర్రటి అక్షరాలు. మేస్త్రి ఆయన మాటను తెలుగులో చెప్పాడు: "కంపెనీవాళ్ళ గుర్తేమో, చెరిపితే బండి విలువ తగ్గిపోతుందని కాపాడాడట సార్."

లెక్క తేలింది: కూలి 14,000, రంగు 9,000, జింకు పూత 2,200, గొట్టాలు, క్లిప్పులు, బెండు గాస్కెట్లు 4,800, కొత్త వైర్లు 8,500. మొత్తం 38,500. బేరమాడాలని వెళ్ళినవాణ్ణి, రంగులాయన చేతిలో ఇంకో అయిదువందలు పెట్టి వచ్చాను. మేడ పూత వచ్చే ఏటికి వాయిదా పడింది. ఆ సంగతి ఇంట్లో ఎలా చెప్పాలా అని దారంతా ఆలోచిస్తూనే ఉన్నాను.

తడ దాటాక చింతచెట్టు నీడ చూసి బండి ఆపాను. బానెట్టు ఎత్తి, వేడి తగ్గేదాకా కూర్చుని, మూత తీసి నీళ్ళు చూశాను. నిండుగానే ఉన్నాయి.