పుదుపేటలో ఒక పూట

మా నెల్లూరువాళ్ళం మద్రాసు ప్రయాణం కట్టామంటే పెళ్ళిబట్టలకైనా అయివుండాలి, పెద్ద డాక్టరుకు చూపించుకోవటానికైనా అయివుండాలి. 1996లో ఆ వూరి పేరు చెన్నైగా మారినా మా నోటికి ఇంకా మద్రాసే. మొన్న మార్గశిరంలో నేను వెళ్ళింది మాత్రం ఒక గేరుబాక్సు కోసం. సముద్రం చూడలేదు, గుళ్ళు చూడలేదు. చూసి వచ్చింది పుదుపేట ఒక్కటే. అయినా ప్రయాణం వృథా అయిందని అనుకోవటం లేదు.

బండి మా నాయనది. 1968 నాటి బుల్లెట్టు. 1979లో ఎవరిదగ్గరో పాతది కొన్నాడు. దానికి గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. ఈనాటి బండ్లకు అలవాటు పడ్డవాళ్ళు దాన్నెక్కితే బ్రేకు వెయ్యబోయి గేరు తొక్కుతారు. న్యూట్రల్లోంచి కాలివేళ్ళతో పైకెత్తితే ఒకటో గేరు. తరవాత కిందికి నొక్కుతూ పోతే రెండు, మూడు, నాలుగు. ఇవిగాక మడమకు అందేటట్టు చిన్న లీవరు మరొకటి వుంటుంది. ఒకటో గేరులో తప్ప మరే గేరులో వున్నా సరే, దాన్ని నొక్కితే బండి తిన్నగా న్యూట్రల్లోకి వచ్చేస్తుంది. మా వీధి మలుపులో నాయన మడమ ఆ లీవరుమీద పడిన చప్పుడు వినగానే అమ్మ కాఫీకి నీళ్ళు పెట్టేది.

పోయిన వేసవిలో రైలుగేటు దాటుతూ వుండగా నాయన రెండునుంచి మూడుకు నొక్కాడు. గేరు పడలేదు. ఇంజను వూరికే అరిచింది. వెనక లారీ. కంగారులో పక్కకు తిప్పి కిందపడ్డాడు. అదృష్టం బాగుండి మోకాలు దోక్కుపోవటంతో సరిపోయింది.

ఆ సాయంత్రం ఇంట్లో సభ తీరింది. "డెబ్భై ఆరేళ్ళొచ్చాయి నాయనా, కాల్లో పట్టు తగ్గింది. ఇక బండి ఎక్కొద్దు" అన్నది నేనే.

"కాలు బాగానే వుందిరా. గేరే మాట వినటంలేదు" అన్నాడాయన.

ఎవరూ చెవిని పెట్టలేదు. తాళంచెవి బీరువాలోకి వెళ్ళింది. ఆనాటినుంచి రోజూ సాయంత్రం ఆయన బండిని గుడ్డతో తుడవటం, ఏమీ మాట్లాడకుండా లోపలికి పోవటం. పాతసామాన్లవాడు రెండుసార్లు వచ్చి ధర చెప్పి వెళ్ళాడు. మా వూళ్ళో చూపిస్తే లోపలి చక్రాలన్నీ మార్చాలన్నారు. అవి పుదుపేటలో దొరుకుతాయన్నారు. అమ్మేముందు ఆఖరు ప్రయత్నంగా నేనే బండిమీద బయలుదేరాను.

నెల్లూరునుంచి మద్రాసు సుమారు 175 కిలోమీటర్లు. గూడూరు దాకా నిక్షేపంగా వచ్చాను. నాయుడుపేట దగ్గర రెండుకూ మూడుకూ మధ్య గేరు ఎక్కడో ఆగిపోయింది. సూళ్ళూరుపేట చేరేలోగా మరి రెండుసార్లు అలాగే అయింది. నా కాలికి నలభై అయిదేళ్ళే! అక్కడ టీ తాగుతూ వుంటే పక్కనున్నవాళ్ళు పులికాట్ సరస్సులో కొంగలు దిగాయి, చూసి వెళ్ళమన్నారు. శ్రీహరికోట రోడ్డున కాస్త దూరం పోతే చాలు, చలికాలంలో ఆ గులాబిరంగు రాజహంసలు కనిపిస్తాయి. నాకు వాటిమీదికి మనసు పోలేదు. 'గేరే మాట వినటంలేదు' అన్న మాట చెవిలో తిరుగుతోంది.

పుదుపేట ఎగ్మూరు స్టేషనుకు దగ్గరే, కూవం నది వొడ్డున వుంది. ముందుగా ఎదురయ్యేది వాసన: పాత నూనె, తుప్పు, కాలిన రబ్బరు. ఆ తరవాత కారు తలుపులు పుస్తకాల్లాగా నిలబెట్టిన కొట్లు. ఒకచోట అన్నీ స్టీరింగు చక్రాలు, ఒకచోట అన్నీ దీపాలు. పైకప్పునుంచి సైలెన్సర్లు అరటిగెలల్లాగా వేలాడుతూ వుంటాయి. ఒక వూళ్ళో చచ్చిన బండి ఇక్కడికి చేరి, ముక్కలై, పది వూళ్ళ బండ్లలో మళ్ళీ బతుకుతుందన్నమాట.

నాకు చూపించిన మేస్త్రీ డెబ్భై దాటిన మనిషి. నా మాట వినగానే, అరవం కలిసిన తెలుగులో, "ఏ వూరు సారూ? నెల్లూరా?" అన్నాడు. చక్రాల సెట్టు కావాలన్నాను. ఆయన జవాబు చెప్పకుండా బండిని స్టాండు వేసి, వెనక చక్రాన్ని ఒకచేత్తో తిప్పుతూ, రెండోచేత్తో గేరు లీవరును నొక్కుతూ, తల వంచి విన్నాడు. తరవాత నూనె దింపి, కిక్కూ లీవరూ వూడదీసి, పైమూత విప్పాడు.

ఆయన చూపిస్తే నాకు తెలిసింది ఇది. లోపల రెండు ఇరుసులమీద పెద్దా చిన్నా పళ్ళచక్రాలు వుంటాయి. చక్రాల పక్కల బొడిపెలు వుంటాయి. ఒక కవ్వలాంటి పనిముట్టు చక్రాన్ని పక్కకు జరిపితే, దాని బొడిపెలు పక్కదాని సందుల్లో దిగి గేరు పడుతుంది. ఆ జరిపే పనికి రంపపు పళ్ళలాంటి పలకా, దాన్ని నెట్టే కొక్కెమూ వున్నాయి. కాలు ఒకసారి నొక్కితే కొక్కెం ఒక్క పన్నే నెట్టాలి. ఎక్కువా కూడదు, తక్కువా కూడదు. ఆ హద్దు నిర్ణయించేది రెండు స్క్రూలతో బిగించిన చిన్న రేకు. రేకు పక్కకు తప్పిందా, ఒకవైపు నెట్టు ఎక్కువై, రెండోవైపు చాలకుండా పోతుంది. గేరు రెంటికీ మధ్య దిక్కులేకుండా నిలబడుతుంది.

"దీన్ని ఎవురు సారూ విప్పింది?" అన్నాడు మేస్త్రీ, రేకుమీద స్క్రూడ్రైవరు గీతలు చూపిస్తూ.

సంక్రాంతి సెలవుల్లో కిక్కు స్ప్రింగు నేనే మార్చాను. డబ్బు మిగిల్చానని ఇంట్లో గొప్పలు కూడా చెప్పుకున్నాను. కనిపించిన స్క్రూ అల్లా వదులుచేసి, మళ్ళీ నాకు తోచినట్టు బిగించాను. నాయన పడింది ఆ వేసవిలోనే.

"నేనే" అన్నాను.

ఆయన నవ్వలేదు. బిస్కెట్ల డబ్బా ఒకటి వొంపి, అందులోంచి పాత కొక్కెం ఏరి, మొనను గోటితో తడిమి చూశాడు. మాది కొంచెం మొద్దుబారిందట. దాన్ని మార్చి, రేకును పోస్టుకార్డు మందమంత జరిపి బిగించాడు. చక్రం తిప్పి లీవరు నొక్కాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు - ప్రతిదానికీ ఒకే తీరున చప్పుడు. "చక్రాలన్నీ మంచిగా వుండాయి. మార్చొద్దు" అన్నాడు. కొత్తనూనె పోశాడు.

కూలి ఇస్తూ ఈ పని ఎక్కడ నేర్చావని అడిగాను. కుర్రతనంలో ఒక షెడ్డులో చేరి నేర్చాడట. 1955లో ఇంగ్లండులోని రెడిచ్ కంపెనీ పొత్తుతో ఎన్‌ఫీల్డ్ ఇండియా మద్రాసులో పుట్టింది. ఊరికి ఉత్తరాన తిరువొత్తియూరులో ఫ్యాక్టరీ వెలిసింది. ఇంగ్లండు కంపెనీ 1970 ప్రాంతంలో మూతపడింది. ఇక్కడిది నిలిచింది. ఆ బండ్లను నిలబెట్టిన చేతుల్లో ఇలాంటివి ఎన్నో వుంటాయి.

మరునాడు పొద్దుగూకేవేళకు ఇంటికి చేరాను. నాయన వాకిట్లోనే వున్నాడు. బండి ఆపి, తాళంచెవి ఆయన చేతిలో పెట్టి, జరిగిందంతా చెప్పాను. "కాలు నీది బాగానే వుంది నాయనా. తప్పు నాది" అన్నాను.

ఆయన మాట్లాడలేదు. పంచె ఎగగట్టి బండి ఎక్కాడు. ఆ సాయంత్రం మా వీధి చివరిదాకా, నేను వెనక కూచుని వుండగా, వెళ్ళి వచ్చాం. రెండునుంచి మూడు పడినప్పుడు వెనక్కి తిరిగి నా మొహం చూశాడు. మలుపులో మడమ చప్పుడు వినిపించింది. అమ్మ లోపలినుంచి, కాఫీ ఎంతమందికని కేకేసింది.