ఏమీ జరగలేదు... అదీ ఓ ఘనతే!

సంక్రాంతికి రేపల్లె వెళ్ళినప్పుడు మా మావయ్య వాళ్ళింట్లో గోడకి కొత్త ఫొటో కనిపించింది. మెడలో శాలువా, చేతిలో ప్రశంసాపత్రం, మొహంలో మాత్రం పాస్‌పోర్టు ఫొటో బిగుతు. "ఏంటి మావయ్యా ఇది?" అనడిగితే, "ఏం లేదురా, యాక్సిడెంట్లు చెయ్యలేదని ఇచ్చారు" అన్నాడు, కరెంటు బిల్లు గురించి చెప్పినట్టు.

మావయ్య ఆర్టీసీ డ్రైవరు. 30 ఏళ్ళ సర్వీసు చేసి ఈమధ్యే రిటైరయ్యాడు. రేపల్లె, తెనాలి, బాపట్ల... ఆయన తిరిగిన ప్రపంచమంతా దాదాపు ఈ మూడూళ్ళ మధ్యే. ఏటా జనవరిలో రోడ్డు భద్రతా వారోత్సవాలు చేస్తారు కదా (ఈమధ్య వారం కాస్తా నెల అయింది లెండి), ఆ సందర్భంగా ఏళ్ళతరబడి ప్రమాదం లేకుండా బస్సు నడిపినవాళ్ళని ఆర్టీసీ వాళ్ళు సన్మానిస్తుంటారు. మర్నాడు పేపర్లో జిల్లా పేజీలో మూడు లైన్ల వార్త. అంతే.

మనం లెక్కలేనిదే దేన్నీ నమ్మం కాబట్టి ఓ లెక్క వేశాను. రోజుకి 200 కిలోమీటర్లు, ఏడాదికి 280 రోజులు, 30 ఏళ్ళు. మొత్తం 16 లక్షల 80 వేల కిలోమీటర్లు! చంద్రుడి దాకా రెండుసార్లు వెళ్ళి రావచ్చు. అదీ ఎలాంటి రోడ్ల మీద? మా వైపు రోడ్లు తెలిసినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. ఓ పక్క కాలవ, ఇంకో పక్క పొలం. కోతలయ్యాక సగం రోడ్డు మీద వడ్లు ఆరబోస్తారు. వెనక లైటు లేని ట్రాక్టర్లు, తమదే రోడ్డన్నట్టు నడిచే బర్రెలు, తెల్లారుజామున మంచు. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది పోయారు. అంటే రోజుకి 460 మందికి పైనే. అలాంటి చోట 30 ఏళ్ళపాటు ఈయన బస్సులో ఏమీ జరగలేదు.

సల్లెన్‌బర్గర్ అనే పైలట్ గుర్తున్నాడు కదా? 2009 జనవరి 15న న్యూయార్కులో పక్షులు తగిలి రెండింజన్లూ ఆగిపోతే, విమానాన్ని హడ్సన్ నదిలో దించి 155 మందినీ బతికించాడు. ఆయన మీద 2016లో సినిమా కూడా వచ్చింది. గొప్పవాడే, సందేహం లేదు. కానీ అంతకుముందు ఆయన దాదాపు 30 ఏళ్ళు, 19 వేల గంటలకి పైగా విమానం నడిపాడు. అప్పుడు ఆయన పేరు ఎవరికి తెలుసు? ఆ రోజు పక్షులు అడ్డం రాకపోయుంటే, మా మావయ్య లాగే ఓ శాలువా, ఓ ఫొటోతో ఇంటికెళ్ళి ఉండేవాడేమో. పైగా విమానంలో పక్కన కో-పైలట్ ఉంటాడు, కింద నుంచి దారి చెప్పేవాళ్ళుంటారు. మావయ్యకున్నది ఒక్క హారన్ :)

"ఇన్నేళ్ళలో తలుచుకుంటే ఒళ్ళు జలదరించేది ఒక్కటైనా చెప్పు మావయ్యా" అని అడిగాను. కాసేపు ఆలోచించి, "ఏవీ లేవురా. ఆ రోజు నువ్వు కూడా ఉన్నావుగా, భట్టిప్రోలు దగ్గర. అలాంటివే అన్నీ" అన్నాడు.

ఉన్నాను. నేను బాపట్లలో ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం చదువుతున్నప్పటి సంగతి. హైదరాబాదులో ఇంటర్వ్యూ, తెనాలిలో రైలెక్కాలి. రేపల్లెలో తెల్లారుజామున మావయ్య బస్సే ఎక్కాను. భట్టిప్రోలు దాటేసరికి తెల్లటి దుప్పటి కప్పినట్టు మంచు. మావయ్య బస్సు పక్కకి తీసి ఆపేశాడు. అయిదు నిమిషాలు, పది, ముప్పావుగంట. బస్సులో అందరూ తిట్టడం మొదలెట్టారు. నేనూ లేచి వెళ్ళి, "మెల్లగా పోనివ్వు మావయ్యా, రైలు పోతుంది" అని దాదాపు కాళ్ళు పట్టుకున్నాను. "కాలవ కనపట్టం లేదు, కూర్చో" అన్నాడు. రైలు వెళ్ళిపోయింది. తర్వాతి రైల్లో వెళ్తే గేటు దగ్గరే వెనక్కి పంపేశారు. ఆర్నెల్లు మావయ్యతో మాట్లాడలేదు నేను.

ఇప్పుడు అడిగాను, "ఆ రోజు వెళ్ళినా ఏమీ అయ్యుండేది కాదేమో కదా?"

"కాకపోను అల్లుడూ. రోజూ అలాగే అనుకుంటా పోతే ఏదో ఒకరోజు అవుద్ది. అది ఏ రోజో మనకి చెప్పరుగా!"

మళ్ళీ లెక్క. 30 ఏళ్ళంటే 8,400 డ్యూటీలు. వెయ్యిలో ఒక్కసారే ప్రమాదం అనుకున్నా ఎనిమిదిసార్లు జరగాలి. అందరూ తిట్టిన ఆ ముప్పావుగంటలే ఆ ఎనిమిదినీ సున్నా చేశాయి. ఏది చేసిందో మాత్రం ఎప్పటికీ తెలీదు. అదే వచ్చిన చిక్కు.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, కిందటి క్వార్టర్లో నాకూ ఓ అవార్డు వచ్చింది. అర్ధరాత్రి ప్రొడక్షన్ పడిపోతే తెల్లారేదాకా కూర్చుని నిలబెట్టినందుకు. అందరూ చప్పట్లు కొట్టారు. ఎవరికీ చెప్పనిది ఏంటంటే, అది పడిపోయింది నా కోడ్ వల్లే. టైం లేదని ఓ టెస్టు వదిలేశాను. "మెల్లగా పోనివ్వచ్చులే" అనుకున్నానన్నమాట. అదే టీములో ఒకావిడ ఉన్నారు. రెండేళ్ళుగా ఆవిడ మాడ్యూల్ ఒక్కసారి కూడా పడలేదు. రివ్యూల్లో నూటొక్క ప్రశ్నలడుగుతారు, రిలీజు ఆపుతారు. వెనకాల ఆవిడకి మేం పెట్టిన పేరు "స్పీడ్ బ్రేకర్". ఆ పేరు పెట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఆవిడకి వచ్చిన రేటింగు యావరేజి.

పండగ నుంచి వచ్చాక మా మేనేజరుకి మెయిలు రాశాను. ఆ బగ్గు నాదేనని, వదిలేసిన టెస్టు ఇదని, ఆవిడ ఆపించిన రిలీజుల్లో ఏమేం దొరికాయో తేదీలతో సహా రాశాను. పంపే ముందు రెండుసార్లు డ్రాఫ్టులో పెట్టి మూసేశాను, అబద్ధం ఎందుకు. పంపి నాలుగు రోజులైంది, రిప్లై లేదు. నా అవార్డు ఏమవుతుందో తెలీదు.

మొన్న తిరిగొచ్చేటప్పుడు తెనాలి బస్టాండులో దిగుతూ డ్రైవరు గారికి "వస్తానండి, బాగా తీసుకొచ్చారు" అని చెప్పాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, "ఏమైనా మర్చిపోయారా సీట్లో?" అనడిగాడు.