దొరకూ ఎస్సే, అమ్మకూ ఎస్సే

నేను చెప్పేది తెలుగే గానీ, సాయంత్రాలు కరీంనగర్‌ల హాస్టల్ పిల్లలతోని ఇంగ్లీషు సింపుల్ ప్రెజెంట్ ప్రాక్టీస్ చేయిస్త. రోజూ జరిగేది చెప్పే కాలం. మన వ్యాకరణంల తద్ధర్మం. ఐ, యు, వి, దేలకు క్రియ ఉన్నదున్నట్టే. హి, షి, ఇట్ అయితే చివర ఎస్. అందరూ తడబడేది ఆ ఎస్ కాడనే. సర్కారు బడులన్నిట్ల ఇంగ్లీషు మీడియం 2022-23ల మొదలైంది. వీళ్లు తెలుగు మీడియంల చదివినోళ్లు.

అందుకే బోర్డు మీద ముందు మన వాక్యాలు రాసిన. దొర వస్తరు. జీతగాడు వస్తడు. అమ్మ వస్తది. బర్రె వస్తది. దొరసాని "వస్తది" అని మా ఊర్ల ఎవరన్నా అనంగ నేను వినలే. కులం మన క్రియ తోకలనే ఉన్నది. ఇంగ్లీషుల నలుగురికీ ఒక్కటే: కమ్స్. ఇంగ్లండుల దొరలు లేరని కాదు, ఆ ఎస్‌కు వాళ్లెవరో తెల్వదు, అంతే.

తర్వాత ఎవరి వాక్యాలు వాళ్లు రాసిన్రు. మై మదర్ రోల్స్ బీడీస్. మై ఫాదర్ పిక్స్ కాటన్.

ఆదిలాబాద్ బిడ్డ ఒకామె లేచింది.

"సార్, మా ఊరి హోటల్ల మాకు వేరే గ్లాసు. దే కీప్ అనాల్నా, దే కెప్ట్ అనాల్నా?"

"ఇంకా పెడ్తున్నరా?"

"మొన్న దసరాకు పోతే గూడ పెట్టిన్రు."

"అయితే కీప్. ఒక్కడు కాదు గదా బిడ్డా, ఎస్ రాదు."